బోరు మోటారు ఆడలేదా? పైపులు ఎత్తే ముందు పైన చూసుకోవాల్సినవి

చీనీ (బత్తాయి) తోటకు నీళ్లు పెట్టాల్సిన రోజు పచ్చ బటన్ నొక్కితే మోటారు ఆడలేదంటే, ఎవరి నోటనైనా మొదట వచ్చే మాట "కాలిపోయినట్టుంది, ఎత్తిద్దాం." అనంతపురం వైపు ఎనిమిది వందలు, వెయ్యి అడుగుల బోర్లు మామూలే. అంత లోతు నుంచి ఎత్తడమంటే ట్రాక్టరు, మనుషులు, ఒక రోజు పని, మళ్లీ దించడానికి ఇంకో రోజు. తీరా పైకి తీసి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంటుంది. తప్పంతా స్టార్టర్ పెట్టెలో కాంటాక్టుల మధ్య చచ్చిపడిన బల్లిది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు మూతి దాకా భూమ్మీద ఉన్నదంతా చూశాక, కేబుల్ కొసల దగ్గర కొలతలు తీసుకున్నాకే పైపుల జోలికి పోవాలి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా 3 నుంచి 10 హెచ్‌పీ దాకా ఉండే త్రీఫేజు సబ్‌మెర్సిబుల్ మోటార్లు, వాటికి పెట్టే డీఓఎల్ (మోటారును నేరుగా పూర్తి లైన్ వోల్టేజీ మీద ఎత్తించే) స్టార్టర్ల గురించి. ఇంటి బోర్ల సింగిల్ ఫేజు ప్యానెళ్లది చివర్లో కొంచెం. కావాల్సిన సామాను: మల్టీమీటరు, క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు కొలిచేది), స్క్రూడ్రైవర్లు, కొంచెం నున్నటి ఎమ్రీ పేపరు. 500 వోల్టుల మెగ్గర్ (వైర్ల నుంచి ఎర్త్‌కు కరెంటు కారుతోందో లేదో కొలిచే మీటరు) కొనక్కర్లేదు, వైండింగు షాపులో అడిగితే ఒక పూటకు ఇస్తారు.

ముందు ప్రాణం

మడికట్టు తడిలో ఒట్టికాళ్లతో నిలబడి స్టార్టర్ తెరవడం వల్లే పొలాల్లో షాకులు కొట్టేది. ఇనుప పెట్టె అయితే ముందు దానికి టెస్టరు ఆనించండి. వెలిగిందంటే బాడీకి కరెంటు దిగుతోందని అర్థం, ఇంక దాన్ని ముట్టుకోకుండా లైన్ ఆపించాలి. పెట్టె లోపల చేయి పెట్టే ప్రతిసారీ మెయిన్ స్విచ్ దించి, మూడు ఫ్యూజు క్యారియర్లూ పీకి జేబులో వేసుకోండి. పెట్టె మీదే పెట్టి పోతే, అవతలి మడి నుంచి వచ్చినవాడు "ఎవరో మర్చిపోయినారే" అని తగిలించేస్తాడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మనం చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఫ్యూజు పోయినా, జంపరు (లైన్‌కు కలిపే తీగ) తెగినా లైన్‌మన్‌ను పిలవాలి, లేదా 1912కు ఫోన్ చేయాలి. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ నుంచి విడదీసేది) మనమే దించుకుని పైకెక్కితే, అందులో ఒక బ్లేడు సరిగా విడకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. కింద నిలబడి చూస్తే అది కనబడదు.

ఒక్కసారి కొట్టి వినండి

బటన్‌ను మాటిమాటికీ కొట్టొద్దు. డీఓఎల్‌లో మోటారు ఎత్తుకునేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. తిరగని మోటారుకు పదిసార్లు అలా ఇస్తే, బాగున్న వైండింగు కూడా మాడుతుంది. ఒకసారి నొక్కండి, చెవి పెట్టి వినండి. అవసరమైతే ఐదు నిమిషాలు ఆగి ఇంకొక్కసారి. వినబడే చప్పుడును బట్టి వెతకాల్సిన చోటు మారిపోతుంది: అసలు ఏ చప్పుడూ లేకపోవడం, స్టార్టర్ టకటకా కొట్టుకోవడం, స్టార్టర్ పట్టుకున్నాక గుర్రుమని ట్రిప్ కావడం, నొక్కీ నొక్కగానే ఫ్యూజు ఎగిరిపోవడం.

వీటిలో ఏదైనా సరే, మొదటి కొలత మాత్రం వోల్టేజీదే.

మూడు ఫేజులూ నిజంగా ఉన్నాయా

వ్యవసాయ ఫీడర్లలో త్రీఫేజు వచ్చే వేళలు వేరు. మిగతా సమయంలో లైట్లకు సరిపడా కరెంటు మాత్రమే ఉంటుంది. షెడ్డులో బల్బు వెలుగుతోందని త్రీఫేజు ఉందనుకోకూడదు. టెస్టరును అయితే అసలే నమ్మొద్దు. ఎందుకో చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

ఒక ఫేజు పోయినా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద పక్క పొలంలో మోటారు తిరుగుతూ ఉంటే, ఆ మోటారు వైండింగులోంచి పోయిన ఫేజులోకి ఎదురు వోల్టేజీ వస్తుంది. మీ టెస్టరు మూడింట్లోనూ ఎర్రగా వెలుగుతుంది. ఇంకో రకం కూడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు పైన 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోతే, కింద న్యూట్రల్‌తో కొలిచినప్పుడు ఒక ఫేజులో 240 వోల్టులు, మిగతా రెండింట్లో 120 దరిదాపు చూపిస్తుంది. టెస్టరు అప్పుడూ మూడింట్లో వెలుగుతుంది. మోటారు మాత్రం కదలదు.

కాబట్టి మల్టీమీటరును ఏసీ 600 లేదా 750 వోల్టుల మీద పెట్టి, మెయిన్ స్విచ్ లోపలికి వచ్చే చోట ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు జతలూ కొలవండి: ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు. ఉండాల్సింది 415. 380 నుంచి 430 దాకా ఇబ్బంది లేదు. 350కి తగ్గితే స్టార్ట్ చేయొద్దు. అంకెలు పెద్దగా ఉండడం ఒక్కటే చాలదు, మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. 410, 405, 400 అంటే పనికొస్తుంది. 410, 365, 350 అంటే ఒక ఫేజు దొంగ ఫేజన్నమాట. వోల్టేజీలో ఒక్క శాతం తేడా ఉంటే మోటారు లాగే కరెంటులో ఆరు నుంచి పది శాతం తేడా పడుతుంది కాబట్టి, ఇలాంటప్పుడు మోటారు ఎత్తుకున్నా ఎక్కువకాలం బతకదు.

మీటరు లేనివాళ్లు వాడే టెస్ట్ ల్యాంపులో రెండు 230 వోల్టుల బల్బులు వరసగా, ఒకదాని వెనక ఒకటి ఉండాలి. రెండూ ఒకే వాటేజీవి కావాలి. ఒక్క బల్బును ఫేజుల మధ్య పెడితే ఢామ్మని పగులుతుంది. మూడు జతల్లోనూ ఒకే వెలుగు వస్తే సరే, ఒక జతలో మందంగా వెలిగితే ఆ ఫేజు లైన్‌మన్ పని.

ఇక్కడ దాకా బాగుంటే, ఫ్యూజుల తర్వాత, అంటే స్టార్టర్ లోపలికి వచ్చే చోట అదే కొలత మళ్లీ తీయండి. పైన ఉండి కింద లేకపోతే ఫ్యూజు పోయింది, లేదా క్యారియర్ దవడలు వదులై మాడిపోయాయి. 5 హెచ్‌పీకి మూడింటికీ ఒకే రకం, 20 ఆంపియర్ల ఫ్యూజు వైరు వేయాలి. అల్యూమినియం తీగ పోగులు పేనేసి చుట్టడం మన పొలాల్లో పాత అలవాటు. ఆ పోగు కరగాల్సినప్పుడు కరగదు, దాని బదులు వైండింగు కరుగుతుంది.

ఏ చప్పుడూ లేకపోతే

వోల్టేజీ ఉంది, బటన్ నొక్కితే స్టార్టర్‌లో ఉలుకూ పలుకూ లేదు. అంటే స్టార్టర్‌ను పట్టించి ఉంచే నో-వోల్ట్ కాయిల్‌కు కరెంటు అందడం లేదు. ఆ కాయిల్‌కు దారి చిన్నదే: ఒక ఫేజు నేరుగా, ఇంకో ఫేజు (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే) ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు మీదుగా, ఎర్ర బటన్ మీదుగా, పచ్చ బటన్ మీదుగా. ఈ దారిలో ఎక్కడో తెగింది.

ముందు రిలే రీసెట్ బటన్ నొక్కండి. ఇప్పుడే ట్రిప్ అయి ఉంటే లోపలి రేకులు చల్లారేదాకా, నాలుగైదు నిమిషాలు, అది నిలవదు. తర్వాత ఎర్ర బటన్. దుమ్ముకో తుప్పుకో లోపలే ఇరుక్కుపోయి, ఎప్పుడూ నొక్కిపెట్టినట్టే ఉంటుంది. గట్టిగా రెండుసార్లు నొక్కి వదిలితే చాలాసార్లు తేలిపోతుంది. ఫ్యూజులు పీకి మూత తీస్తే కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు, చీమల పుట్ట, బల్లి గుడ్లు కనబడతాయి. అవి కాంటాక్టుల మధ్య అడ్డం పడితే లోహం లోహాన్ని తాకదు. బ్రష్‌తో దులిపేయండి.

అయినా పలకకపోతే ఫ్యూజులు పీకే ఉంచి, కాయిల్ వైర్లలో ఒకటి ఊడదీసి మల్టీమీటరు ఓంల మీద పెట్టి రెండు కొసలూ తాకించండి. వందల్లోనో వేలల్లోనో ఓంలు చూపిస్తే కాయిల్ బతికే ఉంది. ఏమీ చూపించకపోతే కాలిపోయింది, కమిలిన వాసన కూడా వస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న వోల్టేజీ చూసి అదే తేవాలి. 415 కాయిల్ ఉన్నచోట 230ది పెడితే అది నిమిషాల్లో పొగ పెడుతుంది.

ఆటోమేటిక్ ప్యానెల్, మొబైల్ స్టార్టర్ ఉన్నవాళ్లకు ఇంకొన్ని కారణాలు. ఫేజుల వరస తారుమారైనా, ఒకటి తగ్గినా సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ స్టార్ట్ కానివ్వదు. లైన్ పని చేసినాక, ట్రాన్స్‌ఫార్మర్ మార్చినాక ఇది మామూలే, లోపలికి వచ్చే రెండు ఫేజులు ఒకదాని చోట ఒకటి మారిస్తే సరిపోతుంది. బోరులో నీళ్లు తగ్గి డ్రై రన్‌లో ఆగి ఉంటే, పెట్టిన టైమరు పూర్తయ్యేదాకా ప్యానెల్ పలకదు. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని "ప్యానెల్ పాడైంది" అని తీసుకుపోతుంటారు. ఇక మొబైల్ స్టార్టర్ ఫోన్‌కు జవాబియ్యకపోతే ముందు చూడాల్సింది అందులోని సిమ్ రీచార్జి.

టకటకా కొట్టుకుంటే, నొక్కి పట్టుకుంటేనే ఆడితే

కాంటాక్టరు (స్టార్టర్ లోపల అయస్కాంతంతో పట్టుకునే స్విచ్) కాయిళ్లు వాటి మీద రాసి ఉన్న వోల్టేజీలో 85 శాతం ఉంటే పట్టేలా చేస్తారు. 415 కాయిల్‌కు అది 353 వోల్టులు. అంతకు తగ్గితే పట్టుకోబోయి వదిలేస్తూ టకటకలాడుతుంది. పట్టుకున్న క్షణంలో మోటారు ఒక్కసారిగా లాగి వోల్టేజీ ఇంకా పడిపోయి, మళ్లీ వదిలేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మోటార్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి ఎత్తుకునే చోట ఇది రోజూ ఉండే గోల. చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడుకుని పది నిమిషాల తేడాతో స్టార్ట్ చేసుకోవడమే దీనికి మందు. తక్కువ వోల్టేజీలో పట్టే కాయిళ్లు దొరుకుతాయి కానీ, ఆ కాయిల్ పట్టుకుందని మోటారుకు బలం రాదు.

వోల్టేజీ బాగున్నా కొట్టుకుంటే కాంటాక్టరు అయస్కాంతం ముఖాలు చూడండి. తుప్పు, మైనం కట్టిన దుమ్ము ఉంటే పొడి గుడ్డతో తుడవాలి, మరీ ఉంటే ఎమ్రీ పేపరుతో పైపైన. ఆకురాయి పెట్టొద్దు, నూనె, గ్రీజు పూయొద్దు. గ్రీజు దుమ్మును పట్టి, ఎర్ర బటన్ నొక్కినా వదలకుండా అంటుకుపోయేలా చేస్తుంది. ఆ ముఖాల్లో బిగించిన రాగి రింగు విరిగి ఉన్నా ఇదే చప్పుడు.

పచ్చ బటన్ పట్టుకున్నంతసేపు ఆడి, వదలగానే ఆగితే మోటారుకు ఏమీ కాలేదు. కాంటాక్టరు పక్కన ఉండే చిన్న హోల్డింగ్ కాంటాక్టు మాడింది, అంతే. దాన్ని శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. దీనికి కొందరు చేసే వైద్యం, కాంటాక్టరును నొక్కి సందులో పుల్ల దోపడం. పుల్ల ఉన్నంతసేపు ఓవర్‌లోడ్ రిలే పని చేయదు, కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే ఎత్తుకుంటుంది, అప్పుడు ఎవరైనా పైపు దగ్గర చేయి పెట్టి ఉండొచ్చు.

గుర్రుమని ట్రిప్ అయితే

ఇది అసలు చిక్కు. స్టార్టర్ పట్టుకుంది, బోరు మూతి దగ్గర గుర్రుమని వినబడింది, కొన్ని క్షణాలకు రిలే కొట్టేసింది. క్లాంప్ మీటరును స్టార్టర్ నుంచి పోయే మూడు వైర్లకూ ఒక్కొక్కదానికి పెట్టి, స్టార్ట్ చేసిన ఆ కొద్దిసేపట్లో చదవాలి. మనిషి ఒకరు నొక్కాలి, ఇంకొకరు చూడాలి.

ఒక వైరులో సున్నా, రెండింట్లో చాలా ఎక్కువ ఉంటే ఒక ఫేజు మోటారుకు చేరడం లేదు. కాంటాక్టరు మెయిన్ కాంటాక్టు మాడిందేమో చూడండి. ఫ్యూజులు పీకి, కాంటాక్టరును చేత్తో లోపలికి నొక్కి పట్టి, ఒక్కో జతను ఓంలలో కొలిస్తే సున్నా దరిదాపు రావాలి. తర్వాత కేబుల్ బిగించే స్క్రూలు. వదులైన స్క్రూ దగ్గర వైరు నల్లబడి, పైతొడుగు కరిగి ఉంటుంది. ఆ తర్వాత బోరు మూతి దగ్గర టేపు చుట్టిన జాయింటు. ఎలుకలు, ఉడతలు కొరికేది అక్కడే, ఎండకు ఎండి టేపు ఊడిపోయేదీ అక్కడే.

పైన ఏమీ దొరక్కపోతే, ఫ్యూజులు పీకి స్టార్టర్ నుంచి కేబుల్ మూడు కొసలూ ఊడదీయండి. ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు మధ్య ఓంలు కొలవండి. అంకె ఎంతన్నది మోటారు సైజును, కేబుల్ పొడవును బట్టి మారుతుంది, మూడూ ఒక్కటిగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మూడూ సమానమైతే వైండింగు మీద అనుమానం తగ్గుతుంది. రెండు జతల్లో ఏమీ చూపించక ఒక జత మాత్రం బాగుంటే, ఆ రెండు జతలకూ ఉమ్మడిగా ఉన్న వైరు కిందెక్కడో తెగింది: ఎరుపు-పసుపు, నీలం-ఎరుపు రెండూ రాకపోతే తెగింది ఎరుపే. మూడూ వస్తున్నా ఒకటి బాగా తక్కువగా ఉంటే వైండింగు చుట్లు షార్ట్ అయ్యాయి.

ఆ తర్వాత మెగ్గర్. మూడు కొసలూ కలిపి ఒక వైపు, కేసింగు పైపు లేదా ఎర్త్ ఇంకో వైపు. 2 మెగా ఓంలకు పైన ఉంటే నిశ్చింత, అర మెగా ఓం దాకా నడిపించొచ్చు, అంతకు తగ్గితే కేబులో, కింది జాయింటో, మోటారో తడిసింది. ఎత్తక తప్పదు.

ఇప్పుడు ఇంకో మలుపు. ఓంలు సమానం, మెగ్గర్ బాగుంది, మూడు వైర్లలోనూ కరెంటు సమానంగా ఐదు రెట్లు లాగుతోంది. మోటారుకు కరెంటు సరిగానే అందుతోంది, కానీ అది తిరగడం లేదు. ఇసుక పట్టి పంపు బిగుసుకుంది. లేదంటే ఉప్పు నీళ్ల బోరులో నెలల తరబడి ఆడకుండా ఉండి సున్నం కట్టింది. వానలు బాగా పడ్డ ఏడాది బోరు కట్టేసి, జనవరిలో మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లకు ఇది ఎదురవుతుంది. స్టార్టర్ నుంచి పోయే రెండు వైర్లు ఒకదాని చోట ఒకటి మార్చి, తలకిందుల దిశలో ఒకటి రెండు క్షణాలు మాత్రం స్టార్ట్ చేసి ఆపండి. ఐదు నిమిషాలు ఆగి ఇంకోసారి. మూడు సార్లలో వదులైతే వదులైనట్టే. వదిలాక వైర్లు మళ్లీ సరిగా పెట్టడం మర్చిపోవద్దు, తలకిందులుగా తిరిగే పంపు నీళ్లు సగం కూడా పోయదు.

వోల్టేజీ పైన బాగుండి కింద చాలకపోవడం కూడా బిగుసుకున్నట్టే కనబడుతుంది. 300 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో 10 ఆంపియర్లు పోతే 20 వోల్టులకు పైగా కేబుల్‌లోనే పోతుంది. ఎత్తుకునేటప్పుడు పోయేది దానికి చాలా ఎక్కువ. అదే రెండున్నర మిల్లీమీటర్ల కేబుల్ అయితే నష్టం ఇంకా అరరెట్టు పైగా పెరుగుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది. 415 రావాల్సిన చోట 300 వస్తే సగం బలమే మిగులుతుంది. బోరు లోతు పెంచి, పైపులు కలిపి, పాత సన్న కేబుల్‌కే ముక్క అతికించిన చోట ఇదే జరుగుతుంది.

రిలే సెట్టింగు సంగతి కూడా ఇక్కడే. మోటారు పేరు పలక మీద ఉన్న ఆంపియర్లకే పెట్టాలి. పలక బోరులో ఉంటే, హెచ్‌పీకి సుమారు రెండు ఆంపియర్లు లెక్క: 5 హెచ్‌పీకి 10 లోపు. ట్రిప్ అవుతోందని ముల్లును పైకి తిప్పితే ట్రిప్ ఆగుతుంది, ఆ తర్వాత మోటారు ఆగుతుంది.

నొక్కగానే ఫ్యూజు పోతే

మూడు కొసలూ స్టార్టర్ నుంచి ఊడదీసి, ఖాళీ స్టార్టర్‌ను నొక్కి చూడండి. అప్పుడూ ఫ్యూజు పోతే షార్ట్ స్టార్టర్‌లోనే ఉంది. పోకపోతే కేబుల్ వైపు. బోరు మూతి దగ్గర జాయింటు విప్పి, పైముక్కకు, కిందిముక్కకు విడివిడిగా మెగ్గర్ పెట్టండి. నాగలికో, గడ్డపారకో తెగిన పైముక్క కేబుల్ దొరికితే అదృష్టవంతులు.

ఇంటి బోరు, సింగిల్ ఫేజు

కర్నూలు, కడప ఇళ్లలో ఉండే 1, 1.5 హెచ్‌పీ మోటార్లు గుర్రుమని ఆగితే ముందు అనుమానించాల్సింది ప్యానెల్‌లోని స్టార్టింగ్ కెపాసిటర్. ఉబ్బినా, కింద నూనె కారినా అది పోయినట్టే. ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, దాని రెండు కొసలకూ ఒక బల్బు హోల్డరు వైర్లు తాకించి కరెంటు దింపేయాలి. కొత్తది అదే మైక్రోఫారడ్లు, అదే వోల్టేజీది తేవాలి. ప్యానెల్ నుంచి మోటారుకు పోయే మూడు వైర్లూ విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, రంగుల పద్ధతి కంపెనీకొకటి.

ఎత్తక తప్పకపోతే

పైకి వచ్చాక మోటారును నేరుగా షాపుకు పంపొద్దు. కింది జాయింటు కోసి, మోటారుకు ఒకసారి, కేబుల్‌కు ఒకసారి మెగ్గర్ పెట్టండి. కేబుల్‌ను నీళ్ల తొట్టిలో ముంచి కొలిస్తే సన్న చీలిక కూడా బయటపడుతుంది. పంపు విడదీసి మోటారు షాఫ్టును చేత్తో తిప్పాలి. మెత్తగా తిరిగితే తప్పు పంపులో, పట్టేస్తే మోటారు బేరింగులో. నీళ్లు నింపే రకం మోటారైతే, దించే ముందు దానిలో శుభ్రమైన నీళ్లు గాలి బుడగలు పోయేదాకా నింపాలి. జాయింటు మూడు వైర్లకూ ఒకే చోట రాకుండా మెట్లుమెట్లుగా వేసి, ముందు రబ్బరు టేపు, దానిపైన పీవీసీ టేపు చుట్టి, బకెట్ నీళ్లలో ముంచి మెగ్గర్ పెట్టాకే దించండి. మొదటిసారి ఆడించినప్పుడు వచ్చిన మూడు వోల్టేజీలు, మూడు ఆంపియర్లు, కేబుల్ ఓంలు, తేదీతో సహా స్టార్టర్ మూత లోపలి వైపు పెయింటు మార్కర్‌తో రాసిపెట్టండి. ఇంకోసారి ఆగినప్పుడు కొలిచిన అంకెలను వాటితో పోల్చుకోవచ్చు.